అడివి కాదమ్మా, జీడితోట

ఎవరైనా తమ ల్యాండ్ కవర్ మ్యాప్, అంటే నేల మీద ఎక్కడ ఏముందో చూపించే పటం, 97 శాతం కరెక్ట్ అని చెప్తే ఇప్పుడు నేను అడిగేది ఒక్కటే. ఆ 97 ఎక్కడ కొలిచారండీ? కంప్యూటర్ మోడల్‌కి నేర్పించిన పొలంలోనే, దాని పక్క పిక్సెల్ మీదా, లేకపోతే అది ఎప్పుడూ చూడని వేరే ఊళ్ళోనా? ఈ ప్రశ్న నాకు క్లాసులో ఎవరూ నేర్పలేదు. భీమిలి అవతల ఒక తోటలో, మార్చి ఎండలో, ప్రింటు తీసిన మ్యాప్ చేత్తో పట్టుకుని నిలబడ్డ రోజు నేర్చుకున్నాను.

నేను విశాఖలోనే చదివాను, ఉద్యోగమూ ఇక్కడే. ఉపగ్రహం పంపిన చిత్రంలో ఏ ముక్క అడవో, ఏది పంట పొలమో, ఏవి నీళ్ళో, ఏది కాంక్రీటో తేల్చి రంగులు వేసి ఇవ్వడం నా పని. మామూలు ఉపగ్రహాలతో ఈ పని దశాబ్దాలుగా జరుగుతోంది. వెలుతురుని వందల సన్న ముక్కలుగా కొలిచే హైపర్‌స్పెక్ట్రల్ కెమెరాలు వచ్చాక మా రంగంలో అందరికీ ఒక కొత్త ఆశ పుట్టింది. నాకూ పుట్టింది, ఇప్పటికీ ఉంది. నా పేచీ ఆ కెమెరాతో కాదు. ఆ ముక్కలు, అంటే బ్యాండ్లు, పెరిగితే మ్యాప్ దానంతటదే బాగుపడుతుంది, ఇక ఊళ్ళోకి వెళ్ళక్కర్లేదు అనే నమ్మకంతో.

ఈ సబ్జెక్టుకి కొత్తవాళ్ళ కోసం కొంచెం చెప్తాను. మన కన్ను వెలుతురుని మూడు రంగుల లెక్కలో చూస్తుంది. యూరప్ వాళ్ళ సెంటినెల్-2 ఉపగ్రహం 13 బ్యాండ్లలో చూస్తుంది, కంటికి కనిపించే రంగులు కొన్ని, కనిపించని ఇన్‌ఫ్రారెడ్ కొంత, మధ్యలో మాత్రం చాలా ఖాళీలు. హైపర్‌స్పెక్ట్రల్ కెమెరా ఆ ఖాళీలు వదలదు. వెలుతురు తరంగాల పొడవుని నానోమీటర్లలో లెక్కపెడతారు, 400 నానోమీటర్ల దగ్గర మొదలుపెట్టి 2500 దాకా, సుమారు పదేసి నానోమీటర్ల సన్న ముక్కలుగా, వరసగా కొలుచుకుంటూ పోతుంది. నాసా 2000 నవంబరులో పంపిన ఈవో-1 మీది హైపీరియన్ 2017 దాకా ఈ పని చేసింది, కాకపోతే ఒక్కసారికి 7.7 కిలోమీటర్ల వెడల్పు పట్టీ మాత్రమే దానికి దొరికేది. మన ఇస్రో 2018 నవంబరు 29న శ్రీహరికోట నుంచి పీఎస్ఎల్‌వీ-సీ43 మీద హైసిస్‌ని పంపింది. 2019 మార్చిలో ఇటలీ ప్రిస్మా వెళ్ళింది. 2022లో జర్మనీ ఎన్‌మ్యాప్ వెళ్ళింది, అదే ఏడాది అంతర్జాతీయ అంతరిక్ష కేంద్రానికి నాసా ఎమిట్ అనే పరికరాన్ని బిగించింది. ప్రిస్మా ఒక్కసారి తీసిన చిత్రాన్ని సీన్ అంటారు, అది 30 కిలోమీటర్ల పొడవూ వెడల్పూ ఉంటుంది, దాదాపు 240 బ్యాండ్లు, ఒక్కో పిక్సెల్ నేల మీద 30 మీటర్లు. పేరు నమోదు చేసుకుంటే పరిశోధనకి ఉచితంగా ఇస్తారు.

అంటే ప్రతి పిక్సెల్‌కీ ఒక రంగు కాదు, ఎత్తుపల్లాలున్న ఒక గీత వస్తుంది. ఆ గీత చదవడం నాకు ఎంత ఇష్టమో చెప్పలేను. పచ్చటి ఆకైతే 670 నానోమీటర్ల దగ్గర గీత లోయలోకి దిగుతుంది, అక్కడి ఎర్ర వెలుతురుని పత్రహరితం మింగేస్తుంది కాబట్టి. ఆ వెంటనే 700 దాటగానే కొండ ఎక్కినట్టు ఒక్కసారి పైకి లేస్తుంది. ఆ ఎక్కుడుని రెడ్ ఎడ్జ్ అంటారు. మొక్కకి నీళ్ళు చాలకపోయినా, తెగులు తగిలినా ఆ ఎక్కుడు కొంచెం పక్కకి జరుగుతుంది, ఆకు పసుపెక్కడం మన కంటికి కనిపించేలోపే జరగొచ్చు కూడా. 1400, 1900 దగ్గర మాత్రం ఏమీ కనిపించదు, గాలిలోని తేమే అక్కడి వెలుతురంతా తాగేస్తుంది. మన ఉక్కపోత తీరంలో ఆ తేమ గొడవ ఇంకా ఎక్కువ.

ఒక ఉదాహరణ చెప్తే దీని విలువ తెలుస్తుంది. జనవరిలో ఆనందపురం వైపు వెళ్తే వరి కోసేసిన మళ్ళు ఉంటాయి, దుక్కి దున్ని వదిలేసిన మళ్ళూ ఉంటాయి. సెంటినెల్ బొమ్మలో రెండూ ఇంచుమించు ఒకే గోధుమ రంగు. హైపర్‌స్పెక్ట్రల్‌లో ఎండు వరి దుబ్బులున్న మడికి 2100 దగ్గర ఒక గుంట పడుతుంది, అది ఎండిన మొక్కలోని సెల్యులోజ్ గుర్తు. ఉత్త మట్టికి అక్కడ గుంట ఉండదు. దుబ్బులు ఎక్కడ మిగిలాయో, ఎక్కడ తగలబెట్టేశారో, ఎక్కడ దున్నేశారో దీంతో తెలుసుకోవచ్చు. 13 బ్యాండ్లతో ఇది చాలా కష్టం. కాబట్టి హైపర్‌స్పెక్ట్రల్ వట్టి హంగామా అని ఎవరైనా అంటే నేను ఒప్పుకోను.

ఇక నా కథ. పీజీ ప్రాజెక్టుకి ప్రిస్మా సీన్ ఒకటి తీసుకున్నాను. భీమిలి తీరం, గోస్తనీ నది సముద్రంలో కలిసే చోటు, ఎర్రమట్టి దిబ్బలు, కంబాలకొండ, సింహాచలం కొండలు, ఇటు నగరం, అన్నీ అందులో పడ్డాయి. మబ్బు లేని సీన్ దొరకడమే ఒక అదృష్టం మనకి. జూన్ నుంచి అక్టోబరు దాకా ఆకాశం ఎప్పుడూ మూసుకునే ఉంటుంది, పొలాలు పచ్చగా ఉండే కాలమూ సరిగ్గా అదే. సీన్ వచ్చాక ల్యాబ్‌లో కూర్చుని, పక్కన గూగుల్ ఎర్త్ తెరుచుకుని, ఇది అడవి, ఇది తోట, ఇది బంజరు, ఇది నీరు అని ఒక్కో ముక్క చుట్టూ హద్దులు (పాలిగాన్లు) గీశాను. వాటిలోని పిక్సెళ్ళన్నీ కలిపేసి, కొన్నిటిని రాండమ్‌గా మోడల్‌కి నేర్పడానికి (ట్రైనింగ్‌కి) ఇచ్చి, మిగతావి నేర్చుకుందో లేదో చూడడానికి (టెస్ట్‌కి) ఉంచాను. మొదట రాండమ్ ఫారెస్ట్ అనే మోడల్, తర్వాత చిన్న న్యూరల్ నెట్‌వర్క్ మోడల్. అక్యురసీ 95 దాటింది. ఆ రాత్రి సంతోషంతో నిద్ర పట్టలేదు.

రిపోర్టు ఇచ్చేముందు ఒక్కసారి చూసొద్దాం అని తగరపువలసలో ఉండే స్నేహితురాలు బండి తీసింది. ఆమె ఆ మాట అనకపోతే నేను వెళ్ళేదాన్ని కాదు. మ్యాప్‌లో ముదురు ఆకుపచ్చగా, దట్టమైన అడవి అని నేను వేసిన చోటికి వెళ్తే ముళ్ళకంచె, గేటు, లోపల గడ్డి కోస్తున్న ఒక తాత. మ్యాప్ చూపించాను. ఆయన చాలాసేపు దాన్ని తిప్పి తిప్పి చూసి, రోడ్డు ఎక్కడుందో, గెడ్డ (వాగు) ఎక్కడుందో వేలు పెట్టి పోల్చుకున్నాడు.

"ఈ పచ్చరంగేటమ్మా?"

"అడవి తాతా."

"అడివని ఎవులు సెప్పినారు? అడివి కాదమ్మా, జీడితోట. మా అయ్య ఏసినాడు."

నాకు నోట మాట రాలేదు. ఆయన అక్కడితో ఆగలేదు. కాయితం పట్టుకుని తోటంతా తిప్పాడు. నేను జీడితోట అని వేసిన ఇంకో ముక్క ముసలి మామిడి తోట. జీడి, మామిడి వృక్షశాస్త్రంలో ఒకే కుటుంబం, జీడిమామిడి అని మనవాళ్ళు ఊరికే అనలేదు, గీతలు కూడా దగ్గర దగ్గరగానే ఉంటాయి. నేను బంజరు అని బూడిద రంగు వేసింది చోడి (రాగి) కోసేసిన చేను. అవతల కొండకి పడమటి పక్క నీలం రంగులో చెరువొకటి ఉందని నా మ్యాప్ చెప్తుంటే తాత నవ్వి, అక్కడ సెరువేటమ్మా, మేకలు మేస్తాయి అన్నాడు. ల్యాబ్‌కి వచ్చాక అర్థమైంది, అది నీడ. ఉపగ్రహం ఉదయం పదిన్నర ప్రాంతంలో దాటుతుంది, చలికాలంలో అప్పటికి సూర్యుడు ఆగ్నేయాన కిందుగా ఉంటాడు, కొండకి వాయవ్యం వైపు చీకటి. నీరూ చీకటే, నీడా చీకటే. మోడల్ రెండిటినీ ఒకటి చేసేసింది, నేను గూగుల్ ఎర్త్‌లో ఆ కొండ వాలు జోలికే పోలేదు కాబట్టి తప్పు ఎక్కడా బయటపడలేదు.

మరి 95 దాటిన ఆ అక్యురసీ ఎక్కడిది? ఇది మా రంగంలో ఉన్నవాళ్ళందరూ కూర్చుని మాట్లాడుకోవాల్సిన సంగతి. ఒక తోటలో వంద పిక్సెళ్ళున్నాయనుకోండి. అదే మట్టి, అదే వయసు చెట్లు, అదే తేమ, అదే నిమిషంలో పడిన అదే వెలుతురు. అందులోంచి పది రాండమ్‌గా ఏరి మోడల్‌కి చూపించి, మిగతా తొంభై గుర్తుపట్టు అంటే అది గుర్తుపట్టక ఏం చేస్తుంది? పక్కింటి పిల్లని చూపించి ఆ పిల్ల కవల చెల్లెల్ని పోల్చమన్నట్టు ఉంటుంది. ఇంకా ఘోరం ఏమిటంటే, ఇప్పుడందరూ వాడే కన్వల్యూషన్ నెట్‌వర్కులు ఒక్క పిక్సెల్‌ని చూడవు, దాని చుట్టూ 9×9 ముక్కని కలిపి చూస్తాయి. టెస్ట్ పిక్సెల్ చాలాసార్లు ట్రైనింగ్ ముక్క లోపలే ఉంటుంది. పరీక్ష పేపరు ముందే చూపించి పరీక్ష పెట్టినట్టే.

నేను మళ్ళీ మొదలుపెట్టాను. సీన్‌ని గళ్ళుగా కోసి, కొన్ని గళ్ళు పూర్తిగా ట్రైనింగ్‌కి, దూరంగా ఉన్న గళ్ళు పూర్తిగా టెస్ట్‌కి ఇచ్చాను. అవే 240 బ్యాండ్లు, అదే మోడల్. అక్యురసీ దబ్బున పడిపోయింది, డెబ్భై కూడా నిలబడలేదు. నాకు ఏడుపొచ్చింది, నిజంగానే. కానీ ఆ తక్కువ అంకె నిజం, మొదటిది అబద్ధం.

ఇది నా ఒక్కదాని తప్పయితే ఇంత పొడుగు రాయను. మా రంగం మొత్తానికి ఇండియన్ పైన్స్ అని ఒక ప్రసిద్ధ డేటా ఉంది. పేరు చూసి మన దేశం అనుకోవద్దు. 1992 జూన్‌లో అమెరికాలోని ఇండియానా రాష్ట్రంలో నాసా వాళ్ళ అవిరిస్ కెమెరా విమానం నుంచి తీసింది. 145×145 పిక్సెళ్ళు, ఒక్కోటీ 20 మీటర్లు, అంటే మొత్తం బొమ్మ మూడు కిలోమీటర్ల పొడవూ వెడల్పూ కూడా నిండదు. 16 క్లాసులు, అంటే నేల మీది రకాలు, ఎక్కువగా మొక్కజొన్న, సోయా. లేబుల్ ఉన్న, అంటే అక్కడ ఏముందో పేరు రాసిపెట్టిన, పిక్సెళ్ళు 10,249. ఆ 16 క్లాసుల్లో ఓట్స్‌కి ఉన్నవి కేవలం 20. ముప్పై ఏళ్ళ కిందటి ఆ చిన్న పొలాల ముక్క మీద ప్రపంచమంతా కొత్త కొత్త మోడళ్ళు పరీక్షిస్తూ, 98 నుంచి 99కి, 99 నుంచి 99.5కి వెళ్ళామని పేపర్లు రాస్తూ ఉంటుంది. ఇటలీలోని పావియా యూనివర్సిటీ మీద తీసిన ఇంకో డేటాదీ ఇదే కథ. చాలా పేపర్లలో పిక్సెళ్ళని రాండమ్‌గానే విడగొడతారు. అక్కడ అరశాతం పెరగడానికీ, మన జీడితోటని జీడితోటగా గుర్తుపట్టడానికీ ఏ సంబంధమూ లేదు.

అసలు బ్యాండ్లు ఎక్కువైతే నష్టం కూడా ఉంది. గోర్డన్ హ్యూస్ 1968లోనే ఈ సంగతి చూపించాడు. శాంపిళ్ళు అవే ఉంచి కొలతలు పెంచుకుంటూ పోతే మొదట అక్యురసీ పెరుగుతుంది, ఒక చోట ఆగుతుంది, తర్వాత తగ్గుతుంది. ఎందుకో లెక్క వేస్తే తేలిగ్గా అర్థమవుతుంది. ఇండియన్ పైన్స్‌లో తేమ వల్ల పాడైన బ్యాండ్లు తీసేశాక 200 మిగులుతాయి. పాత పద్ధతిలో ఒక క్లాసు ఎలా ఉంటుందో చెప్పాలంటే ఆ 200 బ్యాండ్లలో ఒక్కోదాని హెచ్చుతగ్గులూ, దానికి మిగతావాటితో ఉన్న సంబంధమూ అంచనా కట్టాలి, అవి 20,100 అంకెలు. ఓట్స్ పిక్సెళ్ళు ఇరవై. ఇరవై పిక్సెళ్ళతో ఇరవై వేల అంకెలు ఎలా కడతాం? పీసీఏ అనే లెక్కతో బ్యాండ్లు కుదిస్తాం, తక్కువ శాంపిళ్ళతోనూ నెట్టుకొచ్చే ఎస్‌వీఎం అనే పద్ధతి వాడతాం, ఇప్పుడైతే లేబుల్ లేని లక్షల పిక్సెళ్ళ మీద ముందే నేర్చుకున్న పెద్ద మోడళ్ళు తెస్తాం. అవన్నీ సాయం చేస్తాయి, కాదనను. ఆ పెద్ద మోడళ్ళతో లేబుళ్ళ అవసరం తీరిపోతుందని ఈ మధ్య నాతో చాలామంది వాదిస్తున్నారు. నేర్పడానికి కావలసిన లేబుళ్ళు తగ్గొచ్చు. నేర్చుకుందో లేదో చూడడానికి కావలసినవి తగ్గవు కదా! ఆ తోట జీడిదో మామిడిదో ఎవరో ఒకరు వెళ్ళి చూసి రావాల్సిందే.

హార్బర్‌లో చేపలమ్మే అత్తని చూడండి. దూరం నుంచి మనకన్నీ వెండి రంగు చేపలే. ఆమె కోనాం చేప చెవి రెప్ప ఎత్తి, కన్ను చూసి, పొట్ట నొక్కి ఎప్పుడు పట్టిందో చెప్తుంది. ఆ చూపు వేల చేపలు చేత్తో పట్టుకుంటే వచ్చింది. మా మోడళ్ళకి మేం కళ్ళు ఇస్తున్నాం, చేప పట్టుకోనివ్వడం లేదు.

ఇంకో చిక్కు ఉంది, నాకు ఇదే అన్నిటికన్నా ముఖ్యమైనది. గీత చెప్పేది పదార్థం గురించి. క్లాసు పేరు చెప్పేది మనిషి ఆ నేలని ఏం చేస్తున్నాడో, ఏమనుకుంటున్నాడో దాని గురించి. ఈ రెండూ ఒకటి కావు. ఎర్రమట్టి దిబ్బలనే తీసుకోండి. జియలాజికల్ సర్వే ఆఫ్ ఇండియా జాతీయ భూవారసత్వ స్థలంగా గుర్తించిన చోటు, వేల ఏళ్ళుగా గాలీ సముద్రమూ పేర్చిన ఇసుక. ఆ ఎరుపు ఇసుక రేణువుల మీద పట్టిన హెమటైట్ అనే ఇనుప ఆక్సైడ్ పూతది, 860 నానోమీటర్ల దగ్గర గీతలో దాని గుంట కనిపిస్తుంది. అక్కడికి కాస్త దూరంలో కొత్తగా వేసిన లేఅవుట్లో రోడ్డుకి పోసిన ఎర్ర గ్రావెల్‌లోనూ ఇనుప ఆక్సైడే, గుంట ఇంచుమించు అదే చోట పడింది. నా మోడల్ రెండిటికీ ఒకే రంగు వేసింది. రసాయనంగా చూస్తే అది పెద్ద తప్పు కాదు కూడా! కానీ ఒకటి మనం పిల్లలకి చూపించాల్సిన చోటు, రెండోది రేపో మాపో ఇళ్ళు లేచే చోటు. ఈ తేడా ఏ నానోమీటర్ దగ్గరా ఉండదు. ఆకారం చూడాలి, ఏడాదేడాదికీ వచ్చిన మార్పు చూడాలి, గట్టు రాళ్ళు చూడాలి, అడగాలి.

నీళ్ళ సంగతీ ఇంతే. ముడసర్లోవ రిజర్వాయర్ మీద 2018లో 2 మెగావాట్ల తేలే సోలార్ ప్యానెళ్ళు పెట్టారు, సింహాద్రి ఎన్‌టీపీసీలో 2021లో 25 మెగావాట్లవి వచ్చాయి. ఆ పిక్సెళ్ళకి ఏం పేరు పెట్టాలి? పైన సిలికాను, కింద నీరు. కట్టడం అంటే మ్యాప్‌లో చెరువు చిన్నదైపోయిందని గగ్గోలు పుడుతుంది, నీరు అంటే గీత ఒప్పుకోదు. గుర్రపుడెక్క కప్పేసిన చెరువు పంట పొలంలా పచ్చగా కనిపిస్తుంది. ఇక్కడ హైపర్‌స్పెక్ట్రల్ చక్కగా సాయం చేయగలదు, ఎటొచ్చీ గుర్రపుడెక్క అనే క్లాసు ఒకటి ఉండాలని ముందే తోచాలి, దాని శాంపిళ్ళు తెచ్చుకోవాలి. జాబితాలో లేనిదాన్ని మోడల్ ఎప్పటికీ చెప్పదు, ఉన్నవాటిలో దేన్నో ఒకదాన్ని తగిలిస్తుంది.

పేర్ల మాట వచ్చింది కాబట్టి. మన దేశంలో అడవుల లెక్క 1987 నుంచి రెండేళ్ళకోసారి ఫారెస్ట్ సర్వే ఆఫ్ ఇండియా ఇస్తోంది. అందులో ఫారెస్ట్ కవర్ అంటే హెక్టారుకి తగ్గకుండా ఉండి, చెట్ల గుబురు పది శాతం దాటిన ఏ నేలైనా. ఎవరిదైనా సరే, ఏ చెట్టైనా సరే, తోటలూ అందులోకే వస్తాయి. ఆ నిర్వచనం వాళ్ళు దాచలేదు, రిపోర్టులోనే స్పష్టంగా రాస్తారు. ఆ లెక్కన తాత జీడితోట అడవే, సరుగుడు తోపులూ అడవే, నీలగిరి చెట్ల తోటలు కూడా అడవే. చెట్ల గుబురు కొలవడానికి అది పనికొస్తుంది. కానీ కంబాలకొండలో దానంతటది పెరిగిన అడవికీ, ఐదారేళ్ళకి నరికి అమ్మే సరుగుడు తోపుకీ ఒకే రంగు పడితే, అటు అడవి తరిగి ఇటు తోపు పెరిగినా మొత్తం అంకె కదలదు. 2014 అక్టోబరు 12న హుద్‌హుద్ తుపాను వచ్చి మన కొండల్ని మోడులుగా మార్చేసినప్పుడు చూసినవాళ్ళకి తెలుసు, పోయినవి ఏ చెట్లు, తర్వాత వచ్చిన పచ్చదనం ఏది అన్న ప్రశ్న ఎంత ముఖ్యమో. ఆ ప్రశ్నకి జవాబు చెప్పగలిగే సాధనం హైపర్‌స్పెక్ట్రలే, జాతుల్ని విడదీయగలదు కాబట్టి. దాన్ని తెచ్చి మళ్ళీ "అడవి", "అడవి కానిది" అని రెండు రంగులకి వాడితే నాకు కడుపు మండుతుంది.

బంజరు అనే మాట ఇంకా ప్రమాదం. మ్యాప్ మీద ఒకసారి బంజరు అని పడిందంటే ఆ నేల ఎవరికీ పనికిరానిది, ఎవరికైనా ఇవ్వొచ్చు అనే అర్థం వెనకే వస్తుంది. నేను బంజరు అని వేసినవాటిలో చోడి చేను ఉంది, మేకలు మేసే కొండ వాలు ఉంది, మార్చిలో ఎండి ఆగస్టులో నిండే చెరువు గర్భం ఉంది. వాటి మీద బతికేవాళ్ళెవరూ నా ల్యాబ్‌కి వచ్చి అది తప్పమ్మా అని చెప్పలేరు. నేనే వెళ్ళాలి.

ఉద్యోగంలో చేరాక ఇదే మాట ఒక ఆఫీసులో చెప్పాను, పేరు అనవసరం. పెద్ద మ్యాప్ ప్రాజెక్టు, డబ్బుకి కొదవ లేదు. డేటాకి, సర్వర్లకి బడ్జెట్ ఉంది, ఫీల్డ్‌కి వెళ్ళడానికి రెండు రోజులే ఇచ్చారు, అదీ రోడ్డు పక్క పాయింట్లు మాత్రమే. ఇంకో వారం ఇవ్వండి, కొండ మీదికీ గెడ్డల వెంబడీ వెళ్తాం అని అడిగితే అక్యురసీ టేబుల్‌లో తొంభై దాటింది కదా, ఇంకా ఎందుకు అన్నారు. ఆ టేబుల్ ఎలా తయారైందో వివరించాను. విన్నారు, తలూపారు, మ్యాప్ అలాగే వెళ్ళిపోయింది. ఆ మ్యాప్ చూసి ఎక్కడో ఎవరో ఏదో నిర్ణయం తీసుకుని ఉంటారు. ఆ టెన్షన్ నన్ను ఇప్పటికీ వదలదు.

ముప్పై మీటర్ల పిక్సెల్ అంటే మన లెక్కలో ఎంతో ఒకసారి చూడండి. 900 చదరపు మీటర్లు, అంటే 22 సెంట్లు. గజాల్లో అయితే వెయ్యి దాటుతుంది, మన దగ్గర 200 గజాల ప్లాట్లు ఐదు పడతాయి అందులో. మధురవాడ శివార్లలో ఐదు ప్లాట్లంటే రెండు డాబాలు, ఒక రేకుల షెడ్డు, ఒక ఖాళీ స్థలంలో తుప్పలు, మధ్యలో సిమెంటు రోడ్డు, రెండు కొబ్బరి చెట్లు. అన్నీ కలిసి ఒకే గీత. ఆ గీతని విడదీసి ఇంత శాతం కాంక్రీటు, ఇంత శాతం పచ్చదనం అని చెప్పే పద్ధతులున్నాయి, అన్‌మిక్సింగ్ అంటారు. నా ఉద్దేశంలో మన ఊళ్ళకి ఒక పిక్సెల్‌కి ఒక పేరు పెట్టడం కన్నా అదే నిజాయితీ. కానీ విడదీయాలంటే విడి విడి వస్తువుల గీతలు ముందు మన దగ్గరుండాలి. అమెరికా జియలాజికల్ సర్వే వాళ్ళు అలాంటి గీతలు పోగుచేసిన స్పెక్ట్రల్ లైబ్రరీ ఖనిజాలకి గొప్ప నిధి, మన కొండల్లోని ఖొండలైట్ అనే రాయి కుళ్ళి తేలిన తెల్లటి కేయోలిన్ మట్టిని 2200 దగ్గరి జంట గుంటలతో పోల్చుకోవడానికి నేనూ అదే వాడతాను. మన జీడి ఆకు గీత మాత్రం మన తోటలోనే కొలవాలి, పూతకి ముందొకసారి, పూతలో ఒకసారి, ముదిరాక ఒకసారి. రేవుకి దగ్గరి వాడల్లో బొగ్గు దుమ్ము పట్టిన ఆకుకీ, వాన కడిగిన ఆకుకీ గీత వేరు. కడిగిన ఆకు గీత పట్టుకెళ్ళి దుమ్ము పట్టిన చెట్టుకి పోలిస్తే ఎలా కుదురుతుంది?

కొలిచే పని తేలిక కాదు. ఈ గీతని నేల మీద కొలిచే స్పెక్ట్రోరేడియోమీటర్ ఖరీదైన వస్తువు, బరువు కూడా. పది నుంచి రెండింటి మధ్య, సూర్యుడు నడినెత్తికి దగ్గరున్నప్పుడే కొలవాలి, ప్రతి కొన్ని నిమిషాలకీ తెల్ల పలక మీద సరిచూసుకోవాలి, మబ్బు అడ్డొస్తే ఆగాలి. ముదురు రంగు బట్టలే వేసుకోవాలి, లేకపోతే మన బట్టల మీది వెలుతురు ఆకు మీద పడి కొలత పాడవుతుంది. మన ఉక్కలో నల్ల చొక్కాతో నాలుగు గంటలు అలా నిలబడాలి. అయినా చేయాలి. యూనివర్సిటీలో ఏటా ఎంతమంది పీజీ పిల్లలు ప్రాజెక్టుల కోసం అవే పాత డేటాలు డౌన్‌లోడ్ చేసుకుంటున్నారు! వాళ్ళని రెండేసి వారాలు తోటల్లోకి పంపితే మూడు నాలుగేళ్ళలో ఉత్తరాంధ్ర అంతటికీ ఒక లైబ్రరీ తయారవుతుంది. ఎక్కడికి వెళ్ళాలో ముందే మ్యాప్ మీద చీట్లు తీసినట్టు రాండమ్‌గా ఎంచుకోవాలి, రోడ్డు పక్కవే ఏరుకోకూడదు. పాడేరు వైపు ఏజెన్సీ కొండల్లో అన్ని చోట్లకీ వెళ్ళలేం, నాకు తెలుసు. వెళ్ళలేని చోటు ఫలానా అని మ్యాప్ మీదే గీతలు కొట్టి చూపిద్దాం. టెస్ట్ గళ్ళు దూరంగా ఉంచి కొలిచిన అక్యురసీనే టేబుల్‌లో పెడదాం, అది అరవై అయినా సరే. ఏ క్లాసు ఏ క్లాసుతో కలిసిపోయిందో చెప్పే పట్టిక మొత్తం ఇద్దాం, ఒక్క అంకె ఇచ్చి ఊరుకోవద్దు.

ఇంకొకటి, క్లాసుల జాబితా ల్యాబ్‌లో రాయడం నేను మానేశాను. ఈ మధ్య ఫీల్డ్‌కి వెళ్తే ముందు ఖాళీ కాయితం తీసుకెళ్ళి, ఇక్కడి నేలల్ని మీరేమంటారు అని అడుగుతున్నాను. మెట్ట, పల్లం, గరువు, బీడు, తోపు, తోట, గెడ్డ, పోడు. వీటిలో కొన్ని గీతలో తేడాగా కనిపిస్తాయి, కొన్ని కనిపించవు. ఏవి కనిపిస్తాయో, ఏవి కనిపించవో చెప్పడమే నా తర్వాతి రిపోర్టు.

తాత దగ్గరికి ఆ తర్వాత మూడుసార్లు వెళ్ళాను. పోయినసారి నా ల్యాప్‌టాప్‌లో ఆయన తోట గీత చూపించి, ఇదిగో ఇక్కడ లేచింది చూశారా, ఇది ఆకు పచ్చదనం అని చెప్తే శ్రద్ధగా విని, "ఇప్పుడు సూస్తే ఏటి తెలుస్తాదమ్మా, కొత్త సిగురు ఎర్రగా ఒస్తాది, అప్పుడు రా, మామిడికీ దీనికీ తేడా నీకే తెలుస్తాది" అన్నాడు. ఎప్పుడొస్తుంది తాతా అంటే డిసెంబరు ఆఖరికి అన్నాడు. ఆ వారానికే ప్రిస్మా వాళ్ళకి కొత్త సీన్ కోసం రిక్వెస్ట్ పెట్టాను. మబ్బు పట్టకూడదు.